అమెరికా చొక్కాలు మూడు, మా అమ్మ మిషను ఒకటి

పోయిన కార్తీకమాసంలో మా అక్కా బావగారూ అమెరికా నుంచి వచ్చారు. వస్తూ నాకు మూడు చొక్కాలు తెచ్చారు, రెండు ఫుల్ హ్యాండ్స్, ఒకటి హాఫ్ హ్యాండ్స్. గుడ్డ మాత్రం చెప్పుకోవాలి, అంత మెత్తగా ఉంది. అమెరికా సరుకు కదా అని మురిసిపోతూ కాలర్ లోపల చీటీ చూస్తే మేడ్ ఇన్ బంగ్లాదేశ్ అని ఉంది, అది వేరే సంగతి. మా బావగారు ఆరడుగుల మనిషి, దానికి తగ్గ ఒళ్ళు. నా కొలతలు అడక్కుండా తన ఒంటికి పెట్టి చూసుకుని కొన్నట్టున్నారు. నేను తొడుక్కుని అద్దం ముందు నిలబడితే భుజం మీద ఉండాల్సిన కుట్టు జబ్బ మీదకి జారిపోయింది, కఫ్ వచ్చి బొటనవేలి మొదట్లో కూర్చుంది. మా ఆవిడ చూసి, "పెరిగే పిల్లాడు కదా అని రెండేళ్ళు ముందుచూపుతో కుట్టించినట్టుందండీ" అంది. నాకు నలభై నాలుగేళ్ళు.

అవి అలా బీరువాలో పడి ఉండేవే, కానీ కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి అందులో నీలం గళ్ళది వేసుకెళ్ళాలని బుద్ధి పుట్టింది. డిసెంబరు ఆఖర్లో మూడూ పట్టుకుని రాజోలులో నేను ఎప్పుడూ కుట్టించుకునే టైలరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన తల కూడా ఎత్తలేదు. చుట్టూ గుడ్డల మూటలు, నేల మీద ముక్కలు, పక్కన కుర్రాడు కాజాలు తీస్తున్నాడు. "పండగెళ్ళాక రండి మాస్టారూ. కొత్తవే అవట్లేదు, ఇప్పుడు ఆల్టరేషన్లు ఎవరూ పట్టరండి, ఆయ్" అన్నారు. ఆయన్ని అనడానికి లేదు. సంక్రాంతి ముందు గోదావరి జిల్లాల్లో టైలరు దగ్గరికి పాత చొక్కా పట్టుకెళ్ళడం నాదే తప్పు.

సరే, ఇంట్లో మిషను ఉంది, నాకు రెండు చేతులున్నాయి, పైగా లెక్కల మాస్టారిని, అంగుళాలూ పావులూ నాకు ఒకరు చెప్పాలా అనుకున్నాను. ఇక్కడే మొదలైంది.

మిషను మా అమ్మది, కాలితో తొక్కే ఉషా. అమ్మ పుట్టిల్లు నరసాపురం పక్క పల్లె. పెళ్ళికాక ముందు ఆ ఊళ్ళో ఆడవాళ్ళందరిలాగే అరుగు మీద కూర్చుని లేసు అల్లేది, దారపు కండెల లెక్కన కూలి. పంటు మీద గోదావరి దాటి ఈ ఒడ్డుకి కాపరానికి వచ్చాక మిషను నేర్చుకుని, మమ్మల్ని చదివించినన్నాళ్ళూ ఊళ్ళో సగం మందికి జాకెట్లు కుట్టింది. ఇప్పుడు కళ్ళు ఆనవు, సూదిలో దారం ఎక్కించలేదు, మిషను మీద ఒక పాత దుప్పటి, దాని మీద నా ట్యూషన్ పిల్లల నోటు పుస్తకాలు. అవన్నీ తీసి చక్రం తిప్పితే కిర్రుమంది. నూనె వెయ్యాలి. మిషను నూనె బుడ్డి అడుగంటి ఉంది. కోనసీమ కొంపలో నూనెకి కరువా అని వంటింట్లోంచి కొబ్బరి నూనె తెచ్చి, కనపడిన ప్రతి కన్నంలోనూ నాలుగేసి చుక్కలు వేశాను. అప్పటికి మాత్రం ఎంచక్కా తిరిగింది. ఆనందంగా పడుకున్నాను.

ధనుర్మాసం తెల్లవారుజాము చలి సంగతి నాకు గుర్తు లేదు. పొద్దున్నే లేచి చూస్తే సీసాలో నూనె ఎలా తెల్లగా పేరుకుపోయిందో మిషను లోపల కూడా అలాగే పేరుకుపోయింది. చక్రం కదలదు. పెడలు మీద బలంగా తొక్కితే తోలు బెల్టు జారింది. మా అమ్మ పూజ ముగించుకుని వచ్చి, వాసన చూసి, "ఒరేయ్, తలకి రాసుకునేది దానికి రాశావా" అంది. అంతే, ఇంకేం అనలేదు, అదే ఎక్కువ బాధ. మిషను తలని కీళ్ళ మీద వెనక్కి వాల్చి, మొత్తం బల్లతో సహా అరుగు మీదకి లాగి ఎండలో పెట్టాను. పదిన్నరకి నూనె కరిగింది. పాత టూత్ బ్రష్షుతో, పాత బనీను ముక్కతో తుడిచి, బజారు నుంచి అసలు మిషను నూనె తెచ్చి పోసి, తిప్పి, తుడిచి, మళ్ళీ పోసి, సాయంత్రానికి దారికొచ్చింది. బనీను ముక్కలు నల్లగా, కొబ్బరి వాసనతో. మిషనుకి ఉన్న సూది ఉప్పుగాలికి తుప్పు పట్టి ఉంది కాబట్టి ఆ నూనెతోపాటు కొత్త సూదులు కూడా తెచ్చాను, 14 నంబరువి, పల్చటి గుడ్డకి 11 వి. ఈ చొక్కాలకి 11 సరిపోయింది. 14 వేస్తే కన్నాలు కనపడతాయి.

మొదటి చొక్కా తెల్లది, ఫుల్ హ్యాండ్స్. దాని చీటీ మీద 16½ అనీ పక్కనే 34/35 అనీ ఉంది. 16½ కాలర్ అని తెలుస్తూనే ఉంది. 34/35 ఏమిటో అర్థం కాలేదు, చేతుల పొడుగు అంటే నమ్మబుద్ధి కాలేదు, ముప్పై అయిదు అంగుళాల చెయ్యి ఎవడికుంటుంది! దాన్ని పట్టించుకోకుండా తొడుక్కుని, చేతులు కిందకి వేలాడేసి నిలబడి, మా ఆవిడ చేత మణికట్టు దగ్గర గుండుసూది పెట్టించాను. అంగుళం ముప్పావు ఎక్కువ ఉంది. కఫ్ విప్పడం, అంగుళం ముప్పావు కత్తిరించడం, మళ్ళీ కఫ్ కుట్టడం, ఇంతే కదా అనుకున్నాను.

కుట్టు విప్పడం గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మొత్తం పనిలో సగం టైమ్ దానికే పోయింది. రెడీమేడ్ చొక్కా కుట్టు మన టైలరు కుట్టులా ఉండదు, సన్నగా, దగ్గర దగ్గరగా ఉంటుంది, బ్లేడు పెట్టి ఒక్కొక్కటీ తెంపుతూ పోతే తెల్లారిపోతుంది, మధ్యలో ఎక్కడో గుడ్డ కూడా తెగుతుంది. నాకు తెగింది, ఎడమ కఫ్ లోపలి వైపు, మినపగింజంత. తర్వాత కనిపెట్టిన పద్ధతి ఏమిటంటే ఒక పక్కన మాత్రం నాలుగైదు కుట్లకి ఒకటి చొప్పున తెంపుకుంటూ పోవాలి, తర్వాత గుడ్డ తిరగేసి అవతలి వైపు దారం కొస పట్టుకుని మెల్లిగా లాగితే మొత్తం దారం ఒకే పోగులా బయటికి వచ్చేస్తుంది. అలా వచ్చినప్పుడు కలిగే సంతోషం చిన్నది కాదు. బ్లేడు బదులు కుట్లు విప్పే రిప్పర్ ఒకటి దొరుకుతుంది, సూదుల షాపులోనే, చాలా తక్కువ ధర. నేను రెండో చొక్కాకి గానీ కొనలేదు.

కఫ్‌లు రెండూ విప్పేశాను. రెండూ ఒకేసారి విప్పడం తెలివితక్కువ పని అని అప్పుడు తెలియలేదు. చెయ్యి చివర కత్తిరించాను. ఇక్కడ రెండు విషయాలు ఎదురయ్యాయి. ఒకటి, కఫ్ పైన చీలిక పట్టీ ఉంటుంది కదా, అది కూడా కత్తిరించినంత మేరా పొట్టిదైపోతుంది. అయిదున్నర అంగుళాలు ఉన్నది నాలుగు లోపు అయింది, పర్వాలేదు, చెయ్యి దూరుతుంది, కానీ దాని మధ్యలో ఉండే చిన్న బొత్తాం కఫ్‌కి మరీ దగ్గరికి వచ్చేసింది. రెండోది, చెయ్యి మణికట్టు దగ్గర సన్నగా, పైకి పోయేకొద్దీ వెడల్పుగా ఉంటుంది, కింద కత్తిరిస్తే మిగిలిన అంచు కఫ్ కంటే వెడల్పుగా ఉంటుంది, ఆ ఎక్కువ గుడ్డని కుచ్చిళ్ళలోకి ఇంకొంచెం లోతుగా మడవాలి. కుచ్చిళ్ళు విప్పే ముందు ఫోన్‌లో ఫొటో తీసుకోవడం మాత్రం ఎందుకో తట్టింది, అది చూసి మడిచాను. కఫ్ రెండు పొరల మధ్య చెయ్యి అంచు దూర్చి, గుండుసూదులు పెట్టి, పైనుంచి కుట్టేశాను. కుట్టు అంత తిన్నగా రాలేదు గానీ దూరం నుంచి చూస్తే బాగానే ఉంది.

తొడుక్కుని బొత్తాం పెట్టుకోబోతే కాజా కిందకీ బొత్తాం పైకీ వచ్చాయి. కుడిది ఎడమకీ ఎడమది కుడికీ కుట్టాను.

అందుకే చెబుతున్నాను, ఎవరైనా చేసుకుంటే ఒక చెయ్యి పూర్తయ్యేదాకా రెండో చెయ్యి ముట్టుకోకండి, అది చూసి ఇది కుట్టుకోవచ్చు. మళ్ళీ విప్పి, మార్చి కుట్టాను. ఈసారి కుట్టు ఇంకొంచెం వంకరగా వచ్చింది. మర్నాడు ఆ చొక్కా వేసుకుని బండి మీద తాటిపాక వెళ్ళాను. నిలబడి ఉన్నంతసేపూ చేతులు సరిగ్గా మణికట్టు మీద ఉన్నాయి, హ్యాండిల్ పట్టుకునేసరికి ఎగదన్నుకుని మోచేతికీ మణికట్టుకీ మధ్యకి వచ్చేశాయి. చంకల దగ్గర బిగిసిపోయి చొక్కా మొత్తం నడుం దగ్గర పైకి లేచిపోయింది. పైగా, తోడు దొంగలా, ఆ ఆదివారం ఉతికితే ఇంకో ముప్పావు అంగుళం లోపలికి పోయింది. నూటికి నూరు శాతం కాటన్ అని చీటీ మీద రాసి ఉంది, కాటన్ మొదటి ఉతుకుకి కుదించుకుపోతుందని అందరికీ తెలుసు, నాకూ తెలుసు. ఉతక్కుండా కత్తిరించాను.

రెండోది హాఫ్ హ్యాండ్స్ చొక్కా. ఈసారి ముందే ఉతికి ఆరేశాను, ఆ మాత్రం బుద్ధి వచ్చింది. దీనికి పొడుగు సమస్య కాదు, చేతులు గుడిగంటల్లా వెడల్పుగా ఉన్నాయి, నా జబ్బలు మధ్యలో గంట నాలుకల్లా ఊగుతున్నాయి. తిరగేసి తొడుక్కుని, జబ్బ కింద వైపు గుడ్డని రెండు వేళ్ళతో పట్టి ఎంత లూజు ఉందో చూసుకుని, గీత గీసి, చేతి అంచు నుంచి చంక దాకా తిన్నగా, చంక నుంచి పక్క కుట్టు మీదకి తిన్నగా, పుస్తకంలో లంబకోణం గీసినట్టు కుట్టాను. జబ్బ చుట్టూ టేపుతో కొలిచాను కూడా, పదకొండున్నర, దానికి ఒక అంగుళం కలిపి పన్నెండున్నరకి తెచ్చాను. చాలా అందంగా కనపడింది. మా ఆవిడ కూడా "బాగుందండీ, కుర్రాడిలా ఉన్నారు" అంది. ఆ సాయంత్రం గ్యాస్ బండ వస్తే ఎత్తి లోపల పెడుతుంటే పటక్‌మని చప్పుడైంది. చంక దగ్గర నాలుగు వేళ్ళు పట్టేంత విచ్చుకుంది.

జబ్బ వేలాడేసి కొలిస్తే పదకొండున్నర, మోచెయ్యి మడిచి బిగించి కొలిస్తే పదమూడు. నేను బండలెత్తేవాడిని కాదు, అయినా పదమూడు. అంటే పన్నెండున్నర చేతిలో పదమూడు అంగుళాల జబ్బ దూర్చానన్నమాట. లెక్కల మాస్టారిని!

అప్పటిదాకా మా అమ్మ ఏమీ అనలేదు. పండగ పిండివంటల హడావుడిలో ఉంది, అరిసెలకి పాకం చూస్తూ ఓ కన్ను నా మీద వేసేది, అంతే. నేనూ అడగలేదు. అడిగితే చెప్పేది, కానీ మగవాడి చొక్కా గురించి జాకెట్లు కుట్టే ఆవిడని ఏమడుగుతాం అని నాలో ఎక్కడో ఉంది, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఆ రాత్రి చిరిగిన చొక్కా మడత మంచం మీద పడేసి కూర్చుంటే వచ్చి, చేతిలోకి తీసుకుని, కళ్ళతో కాదు వేళ్ళతో చూసింది. కుట్టు వెంబడి బొటనవేలు పోనిచ్చి చంక మూల దగ్గర ఆగి, "ఇక్కడ ఎవరైనా మూల తిప్పుతారట్రా? గుండ్రంగా తిప్పాలి. తిప్పిన చోట కత్తెరతో చిన్న చిన్న గాట్లు పెట్టాలి, లేకపోతే లాగేస్తుంది" అంది. తర్వాత తెల్ల చొక్కా తెమ్మంది. నన్ను తొడుక్కోమంది. భుజం మీద చెయ్యి వేసి తడిమి, ఎముక చివర దొరకబుచ్చుకుని అక్కడ వేలు పెట్టింది, రెండో వేలు చొక్కా కుట్టు మీద పెట్టింది. రెండు వేళ్ళ మధ్య అంగుళం ఎడం.

"చెయ్యి పొడుగు కాదురా, భుజం పొడుగు. భుజం జారి చెయ్యిని కిందకి తోస్తోంది. నువ్వెళ్ళి చెయ్యి కోశావు. జాకెట్టు ఎక్కడ పట్టినా, ఎక్కడ లూజైనా, ముందు చంక చూడాలి."

అప్పుడు ఆ 34/35 సంగతి వెలిగింది. మన టైలర్లు చెయ్యి పొడుగు అంటే భుజం ఎముక చివర నుంచి మణికట్టు దాకా కొలుస్తారు. అమెరికా వాళ్ళు మెడ వెనక మధ్యలో ఉండే ఎముక దగ్గర మొదలుపెట్టి, భుజం మీదుగా మణికట్టు దాకా ఒకటే కొలత తీసుకుంటారు. రాత్రి పదకొండింటికి కాగితం తీసుకుని లెక్క వేశాను. నా భుజం ఈ చివరి నుంచి ఆ చివరికి 17½, సగం 8¾, చెయ్యి 24, మొత్తం 32¾. ఇంకా కోయని నీలం గళ్ళ చొక్కా, అదీ అదే సైజు, తీసి కొలిస్తే భుజం 19½, సగం 9¾, చెయ్యి 24¾, మొత్తం 34½. తేడా అంగుళం ముప్పావు, నేను తెల్లదానికి కోసినంతే! కానీ అందులో చెయ్యిది ముప్పావే, మిగతా అంగుళం భుజానిది. ముప్పావు కోయాల్సిన చోట అంగుళం ముప్పావు కోశాను, పైన ఉతుకులో ముప్పావు పోయింది. తెల్ల చొక్కా ఎందుకలా అయిందో మూడో తరగతి కూడికతో తేలిపోయింది.

ఇక నీలం గళ్ళది. పండగ ఇంకా తొమ్మిది రోజులుంది. రెండుసార్లు ఉతికాను, వేడినీళ్ళలో ఒకసారి. ఆరాక కొలిస్తే భుజం 19 కి దిగింది, చెయ్యి 24¼ కి దిగింది. అంటే చేతి పొడుగు గురించి చేయాల్సిందేమీ లేదు, ఉతుకే చేసేసింది. కఫ్ ముట్టుకోలేదు, అదొక పెద్ద గండం తప్పినట్టే. భుజం మాత్రం చెరో పక్కా ముప్పావు తగ్గించాలి.

ఈసారి అమ్మ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది, నేను చేస్తుంటే చేతులతో చూస్తూ చెప్పింది. చేతిని చొక్కా నుంచి పూర్తిగా విప్పమంది. అంతే కాదు, చంక కింద చేతి కుట్టు ఒక ఆరంగుళాలు, పక్క కుట్టు ఒక ఆరంగుళాలు కూడా విప్పమంది. మొదట ఎందుకో అర్థం కాలేదు. విప్పాక చూస్తే చంక గుండ్రం బల్ల మీద పుస్తకంలా పరుచుకుంది. కంపెనీలో కూడా అలాగే, ముందు చెయ్యిని పరిచి కుట్టేసి, తర్వాత చేతి అంచు నుంచి చొక్కా కింద దాకా ఒకే కుట్టు వేసేస్తారు. గొట్టాన్ని గొట్టానికి కుట్టాలని చూస్తే మనలాంటి వాళ్ళకి తెమలదు. రెడీమేడ్ చొక్కాకి చంక దగ్గర రెండు వరసల కుట్టు ఉంటుంది, గుడ్డ అంచు ఎక్కడా కనపడకుండా ఒకదాన్లో ఒకటి మడిచి కుడతారు, అది విప్పడానికి ఒక్కో పక్కకి గంటన్నర పట్టింది. విప్పాక పాత మడత గుర్తులు పోవడానికి తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేశాను, సూది కన్నాలు కూడా చాలావరకు మూసుకుపోయాయి.

భుజం దగ్గర ముప్పావు లోపలికి సుద్దతో చుక్క పెట్టి, అక్కడి నుంచి ముందువైపూ వెనకవైపూ చంక సగం దాకా వచ్చేసరికి సున్నా అయ్యేలా గీత గీయాలి. ఈ గీత నేను మూడుసార్లు గీశాను. స్కేలు పెట్టి గీస్తే అమ్మ ఒప్పుకోలేదు, వేలితో తడిమి "ఇక్కడ గట్టు తగులుతోంది" అనేది. ఆఖరికి గిన్నె మూత అంచు పెట్టి గీస్తే ఊరుకుంది. కోసేటప్పుడు మాత్రం చెయ్యి వణికింది. కుట్టు తప్పయితే విప్పుకోవచ్చు, కోత తప్పయితే ఏం చేస్తాం.

చంక కోశాక చేతి గుండ్రాన్ని దాని పక్కన పెట్టి కొలిస్తే, పక్కల దగ్గర కూడా కొంచెం లోపలికి పట్టాం కాబట్టి, చెయ్యి అరంగుళం ఎక్కువ వచ్చింది. ఆ అరంగుళాన్ని ఏం చేయాలి, ఒకచోట మడత వేస్తే బుట్ట చేతుల గౌనులా అవుతుంది. అమ్మ చెప్పిన కిటుకు ఇది, ఈ మొత్తం యవ్వారంలో నాకు బాగా నచ్చింది ఇదే: ఎక్కువ ఉన్న గుడ్డని కింద పెట్టి, తక్కువ ఉన్నదాన్ని పైన పెట్టి కుట్టాలి. మిషను పాదం కింద పళ్ళుంటాయి కదా, అవి కింది గుడ్డని పైదానికంటే కొద్దిగా ఎక్కువ లాక్కుంటాయి, ఆ అరంగుళం మొత్తం చుట్టూ సర్దుకుపోతుంది, ఎక్కడా ముడత పడదు. నమ్మలేదు. ముందు చేత్తో పొడుగు టాకాలు వేసుకుని, మధ్య చుక్కకి మధ్య చుక్క కలిపి, చెయ్యి కిందకి పెట్టి మెల్లిగా తొక్కాను. తీసి చూస్తే ఆ అరంగుళం ఎక్కడికి పోయిందో తెలియలేదు. ఇన్నేళ్ళుగా ఇంట్లో ఉన్న మిషను, దాని పళ్ళ మీద నాకు ఎప్పుడూ గౌరవం లేదు.

మధ్యలో ఒకసారి కింది దారం ఉండలు కట్టింది. బాబిన్ కేసుని దారం కొస పట్టుకుని వేలాడదీయమంది అమ్మ. ఊరికే పట్టుకుంటే ఆగాలి, చిన్నగా ఊపితే కొద్దిగా జారి మళ్ళీ ఆగాలి. మాది బావిలో చేద దిగినట్టు సర్రున దిగిపోయింది. దాని పక్కన ఉండే బుల్లి స్క్రూ పావు చుట్టు బిగిస్తే సరిపోయింది. హాఫ్ హ్యాండ్స్ చొక్కా కుట్టు పటక్‌మనడానికి నా కొలత ఒక్కటే కారణం కాదని అప్పుడు అర్థమైంది, సగం పాపం ఈ స్క్రూది.

తర్వాత చెయ్యీ పక్కా కలిపి ఒకే కుట్టు, చంక దగ్గర గుండ్రంగా తిప్పి. రెండో వరస కుట్టు కంపెనీవాళ్ళలా మడిచి వేయడం నావల్ల కాలేదు. మా మిషనుకి జిగ్‌జాగ్ లేదు. అంచు పీచు లేవకుండా చేత్తో చుట్టుకుట్టు వేశాను, అది రెండు సాయంత్రాలు పట్టింది, ట్యూషన్ పిల్లలు ముసిముసిగా నవ్వుతుంటే లెక్క ఇచ్చి వాళ్ళ నోరు మూయించి కుట్టాను. ఎడమ చెయ్యి కుడిదాని కంటే రెండో రోజు కాబట్టి బాగా వచ్చింది. కానీ తొడుక్కుంటే ఎడమది పావు అంగుళం పొడుగ్గా ఉంది. అమ్మ భుజాలు రెండూ తడిమి, "నీ ఎడమ భుజం చిన్నప్పటి నుంచీ కిందకే ఉంటుంది" అంది. నలభై నాలుగేళ్ళుగా నాకు తెలియదు. ఏ టైలరూ చెప్పలేదు, కొలత ఒక చేతికే తీసి రెండో చేతికి అదే వేస్తారు కాబట్టి వాళ్ళకీ తెలిసి ఉండదు. దాన్ని అలాగే వదిలేశాను.

కనుమనాడు నీలం గళ్ళ చొక్కాతో బండి మీద పి.గన్నవరం అక్విడక్టు దాటి వెళ్ళాను. హ్యాండిల్ మీద చేతులు పెట్టాక రెండు మూడుసార్లు మణికట్టు చూసుకున్నాను, వెనక కూర్చున్న మా ఆవిడ "ముందు రోడ్డు చూడండి" అనేదాకా. జగ్గన్నతోట దగ్గర ఎప్పటిలాగే ఇసుక వేస్తే రాలని జనం. ఊళ్ళవాళ్ళు ఏకాదశ రుద్రుల ప్రభల్ని, అంటే పదకొండు శివుళ్ళకి వెదురుతో కట్టి రంగుబట్టలతో అలంకరించిన ఎత్తైన చట్రాల్ని, భుజాల మీద మోసుకుని వస్తున్నారు, గంగలకుర్రు ప్రభలు కౌశిక నీళ్ళలో దిగి దాటుతుంటే చుట్టూ జనం చేతులు పైకెత్తి అశ్శరభ శరభ అని అరుస్తున్నారు. నేనూ రెండు చేతులూ పైకెత్తి అరిచాను. చంకలు పట్టలేదు, చొక్కా నడుం దగ్గర లేవలేదు, పటక్‌మనలేదు. మా ఆవిడ నా మొహం చూసి భక్తి అనుకుందో ఏమో.

హాఫ్ హ్యాండ్స్ చొక్కాని పండగయ్యాక విప్పి పదిహేనుకి వదులు చేసి, చంక గుండ్రంగా తిప్పి మళ్ళీ కుట్టాను, ఇంట్లో వేసుకోవడానికి పనికొస్తోంది. తెల్లదాన్ని బాగుచేసే మార్గం లేదు, మోచేతి పైన కోసి హాఫ్ హ్యాండ్స్ చేసేశాను. కోసిన కఫ్‌లు రెండూ పారేయబోతుంటే అమ్మ లాక్కుంది. గుడ్డ మందంగా ఉంది కదా అని ఒకదాని మీద ఒకటి పెట్టి చుట్టూ కుట్టింది, సూదిలో దారం మాత్రం నేనే ఎక్కించి ఇచ్చాను. ఇప్పుడు అత్తెసరు గిన్నె దాంతోనే దించుతున్నారు. బొత్తాలు కూడా తీయలేదు, పొయ్యి పక్కన మేకుకి ఆ కాజాతోనే తగిలిస్తుంది.